నిమ్ము అని చెప్పాను

నాకు టీబీ వచ్చింది. తగ్గింది కూడా. ఇంత చిన్న మాట పైకి అనడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఈలోగా నా స్నేహితురాలు సువార్త చనిపోయింది. ఆ రెండింటికీ మధ్య ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రాతలు రాసే మనిషిని కాను. గవర్నర్‌పేటలో ఒక సందులో మా ఆయనా నేనూ కర్రీ పాయింట్ నడుపుతాం. లాడ్జీల్లో దిగినవాళ్ళు, ఆఫీసుల నుంచి అలిసిపోయి ఇంటికెళ్ళే ఆడవాళ్ళు, ఒంటరిగా గదుల్లో ఉండేవాళ్ళు సాయంత్రం ఆరు నుంచి మా దగ్గర పప్పు, వేపుడు, పులుసు ప్యాకెట్లు పట్టుకెళతారు. కొట్టు వెనకే మా ఇల్లు. మా ఆయన, మా అత్తగారు, నేను. మా అబ్బాయి రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. రాత అలవాటు లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాను. మధ్యలో నా మీద మీకు కోపం వస్తుంది. రావాలి కూడా.

కిందటేడాది, ఉగాది తర్వాత

సువార్త మా పక్క వాటాలో ఉండేది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకే గోడ. బందరు రూటు బస్సులో కండక్టరు. ఆవిడ భర్త దానియేలు గారు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారు. ఒక్కతే కూతురు, కెజియా. డిగ్రీ చదువుతూ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి కూడా తయారవుతోంది. మేము పూజలు చేసుకునేవాళ్ళం, వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. నన్ను ఆవిడా, ఆవిణ్ణి నేనూ వదినా అనే పిలుచుకునేవాళ్ళం. వరసలు ఎక్కడివని ఎవరూ అడగలేదు.

ఆవిడకి సుగరు. నాకు బరువు, మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు పొద్దున్నే మా వంటగది గుమ్మంలో నిలబడింది.

"డాక్టరు నన్ను నడవమన్నాడు వదినా. ఒక్కదాన్నే అంటే మూడోరోజుకే మానేస్తా. నువ్వు కూడా రా."

"పొద్దున్నే నేను కూరలు తరగాలి, నీకేం తల్లీ."

"కూరలెక్కడికీ పారిపోవులే. పారిపోవాల్సింది మనమే, ఈ రోగాల నుంచి."

అలా మొదలైంది. ముందు నడక. వేసవి నడుమకి వచ్చేసరికి, చీరల్లోంచి పంజాబీ డ్రెస్సుల్లోకి దిగి, కాలువ గట్టు మీద పరుగు. మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. నాకు మొదటి వంద అడుగులకే ఆయాసం వచ్చేది. అప్పుడు సువార్త ఒక ఉపాయం కనిపెట్టింది. గట్టు పొడుగునా ఉన్న కరెంటు స్తంభాలకి తన రూటులోని ఊళ్ళ పేర్లు పెట్టింది. మొదటి స్తంభం పెనమలూరు, రెండోది కంకిపాడు, తర్వాత ఉయ్యూరు, ఆ తర్వాత పామర్రు. కూచిపూడి వెళ్ళేవాళ్ళు పామర్రులో దిగాలని పరిగెడుతూనే కేకేసేది.

"నా వల్ల కాదే వదినా, కంకిపాడులో దిగిపోతా."

"ఉయ్యూరుకి టికెట్టు కొట్టాను. మధ్యలో దించేది లేదు. రైట్ రైట్!"

నవ్వుతూ, రొప్పుతూ ఉయ్యూరు దాకా వెళ్ళేదాన్ని. పరిగెత్తడానికి పెద్ద పెద్ద కారణాలేమీ అక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. ఎదురుగా ఒక స్తంభం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. నలభై రెండేళ్ళు వచ్చాక నాకు దొరికిన స్నేహం అది. చిన్నప్పుడు కూడా నాకు అలాంటి స్నేహితురాలు లేదు.

డ్యూటీ లేని రోజుల్లో ఆవిడ మా వంటగదిలో కూర్చుని నాతోపాటు ఉల్లిపాయలు తరిగేది. మా వంటగదికి ఉన్నది ఒకటే కిటికీ. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

శ్రావణమాసం

శ్రావణం వచ్చేసరికి నేను సన్నబడ్డాను. పేరంటానికి వెళ్ళిన చోటల్లా అదే మాట. "ఏం చేశావే నాగమణీ, సగమైపోయావు!" అని అడిగేవాళ్ళు. పరుగు మహిమ అనేదాన్ని గర్వంగా. జాకెట్లన్నీ టైలరుకిచ్చి లోపలికి కుట్టించుకున్నాను. మా అత్తగారు నాకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసింది. సువార్త అయితే కనిపించినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా వదినని చూసైనా బుద్ధి తెచ్చుకోండి" అనేది.

దగ్గు కూడా ఉంది. కానీ కర్రీ పాయింట్ నడిపే ఇంట్లో దగ్గు ఎవరు పట్టించుకుంటారు? రోజూ అరకిలో ఎండుమిరపకాయలు పోపులో పడతాయి. ఘాటు లేచిందంటే కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు కూడా దగ్గుతారు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడితే పొయ్యి వేడి అనుకున్నాను. ఆకలి చచ్చిపోతే, పోనీలే ఇంకాస్త తగ్గుతాను అనుకున్నాను. నా ఒళ్ళు కరిగిపోతుంటే నేను సంబరపడ్డాను. అందరూ సంబరపడ్డారు. ఈ ఊళ్ళో ఒక ఆడమనిషి సన్నబడితే ఏమైందని అడిగేవాళ్ళు లేరు, ఎలా చేశావని అడిగేవాళ్ళే.

దసరా దాటాక

ఒకరోజు పొద్దున పెనమలూరు స్తంభం కూడా చేరలేకపోయాను. గట్టు మీదే కూలబడ్డాను. మా ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి, కళ్ళె పరీక్షకి ఇమ్మని, మర్నాడు రమ్మన్నారు.

ఆ వరండాలో బల్లల మీద కూర్చున్న గంటలు నేను మర్చిపోలేను. అందరి నోళ్ళకీ ఏదో ఒక గుడ్డ. ఎవరి కళ్ళె డబ్బా వాళ్ళ చేతిలో. నాకు రోగం భయం కంటే తెలిసినవాళ్ళు కనపడతారేమోనన్న భయం ఎక్కువగా ఉంది. చున్నీ నుదుటి దాకా లాక్కున్నాను. అయినా కనపడనే కనపడ్డారు. మా దగ్గర రోజూ గోంగూర పప్పు పట్టుకెళ్ళే ఒక గుమస్తా గారు ఎదురు బల్ల మీద డబ్బాతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయన గోడకేసి తిరిగారు. నేను నేలకేసి చూశాను. పక్కన కూర్చున్న ఒక ముసలావిడ, ఎవరో ఏమిటో తెలియదు, కమలాపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. "తిను తల్లీ, నోరు చేదుగా ఉంటది. నాకు నాలుగో నెల. తగ్గుతది" అంది. ఆ రోజంతా నాతో ఎవరైనా మామూలుగా మాట్లాడారంటే ఆవిడే.

టీబీ అని చెప్పారు. మందులు ఆరునెలలు, ఒక్కరోజు కూడా మానకూడదు, తగ్గిపోతుంది అన్నారు. డాక్టరు ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు. నాకు వినపడలేదు. బయటికొచ్చాక మా ఆయన స్కూటరు స్టార్ట్ చేయకుండా అలా కూర్చున్నాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"పేరు బయటికి పొక్కితే రేపటి నుంచి మన కూర ఎవడు కొంటాడే?"

ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఏదైనా అవుతుందేమోనని ముందు రాత్రంతా ఆయన నా మంచం పక్కనే కూర్చున్నాడు. కానీ నోట్లోంచి వచ్చింది ఆ మాట. ఆ క్షణంలో నాకూ అదే సబబుగా తోచింది.

నాలుగు రోజులకి టీబీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి సంచి, చేతిలో రిజిస్టరు. మందులు ఎలా వేసుకోవాలో చెప్పింది. తినే తిండితో ఇది అంటుకోదనీ, దగ్గితే గాలిలో వస్తుందనీ, కొన్ని వారాలు నోటికి మాస్కు కట్టుకుని మనుషులకి దూరంగా ఉండమనీ చెప్పింది. మా ఆయన పేరూ మా అత్తగారి పేరూ రాసుకుంది. వాళ్ళకి పరీక్షలు చేస్తామంది. తర్వాత పెన్ను ఆపి నన్ను అడిగింది.

"ఇంట్లో వాళ్ళు కాకుండా రోజూ మీతో దగ్గరగా మసిలేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారామ్మా? మేం మీ పేరు వాళ్ళకి చెప్పం. పరీక్ష చేస్తాం, అంతే."

సరిగ్గా అప్పుడు గోడ అవతల సువార్త గొంతు వినపడింది. యూనిఫాం ఎక్కడ పెట్టావే అని కూతుర్ని కేకలేస్తోంది. మా ఆయన గోడ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

నా జబ్బు కథలో అసలు జబ్బు ఆ రెండు మాటలు. మందులతో తగ్గిన దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

సాయంత్రం సువార్త వచ్చింది. "ఏమన్నారు వదినా?"

"నిమ్ము చేరిందట."

"హమ్మ, నిమ్మేగా! నేనింకా ఏమోనని హడలి చచ్చాను" అంది, గుండె మీద చేయి వేసుకుని.

చలికాలం

మొదటి నెల నేను కొట్టులోకీ, వంటలోకీ వెళ్ళలేదు. మా అత్తగారే వండింది. మా ఆయన నా కంచం, గ్లాసు వేరుగా పెట్టాడు. అక్కర్లేదని ఆ అమ్మాయి చెప్పినా పెట్టాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ గ్లాసు చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు మా అత్తగారు దాన్ని తీసి మిగతా గ్లాసుల్లో కలిపేసింది. ఏ గ్లాసు నాదో ఇంక ఎవరికీ తెలియలేదు. ఆవిడ నాకు చేసిన ఉపకారాల్లో అదొకటి.

సువార్తని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాను. "గొంతు మండుతోంది వదినా, నీకు పట్టుకుంటుంది, దూరంగా కూర్చో" అన్నాను. ఆ మాత్రం జాగ్రత్త తీసుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడ గుమ్మం బయట పీట వేసుకుని కూర్చునేది. వాళ్ళమ్మది పామర్రు దగ్గర పల్లెటూరు. ఆ రూటులో డ్యూటీ పడ్డప్పుడల్లా నాటుకోడి గుడ్లు తెచ్చి నాకిచ్చేది. పగలకుండా టికెట్ల సంచిలో గుడ్డల మధ్య పెట్టుకుని తెచ్చేది. "నిమ్ము చేసిన ఒంటికి గుడ్డు మంచిది. తిను. లేకపోతే పెనమలూరు కూడా దాటవు" అనేది. కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేసేది. నిమ్ము తగ్గించు తండ్రీ అని దేవుణ్ణి అడిగేది. అబద్ధం నేను ఆవిడకి చెప్పాను, ఆవిడ దాన్ని నిజమనుకుని దేవుడి దాకా తీసుకెళ్ళింది.

చెప్పాలనిపించలేదా అని మీరడగొచ్చు. ప్రతి గుడ్డుకీ అనిపించింది. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపు వచ్చేసరికి, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అనే ఇంకో భయం తోడయ్యేది.

జనవరి చివర్లో నాకు కాళ్ళలో కాస్త సత్తువ వచ్చింది. మళ్ళీ గట్టు మీదికి తీసుకెళ్ళింది ఆవిడే. చంటిపిల్లని నడిపించినట్టు నడిపించింది. మొదటిరోజు ఒక్క స్తంభం. వారం తిరిగేసరికి రెండు. నా ఊపిరి నాకు తిరిగి వస్తుంటే నా పక్కన ఆవిడ ఊపిరి ఎలా ఉందో నేను వినలేదు.

శ్రమల దినాలు

వాళ్ళకి ఈస్టరుకి ముందు నలభై రోజులు ఉపవాసాలుంటాయి. సువార్త ఏటా ఉంటుంది. ఈ ఏడు చిక్కిపోయింది. ఉపవాసం అన్నారు అందరూ. పరుగు అన్నారు. "నీకంటే సన్నబడ్డాను చూశావా?" అని నాతో పందెం గెలిచినట్టు అంది. నేను "అవును వదినా, అమ్మాయిలా ఉన్నావు" అన్నాను. నేను అన్నాను. సన్నబడటం అంటే ఏమిటో తెలిసిన మనిషిని, ఆ మాట అన్నాను.

తర్వాత దగ్గు మొదలైంది. బస్సులో దుమ్ము అంది. ఒక మధ్యాహ్నం వాళ్ళ వాకిట్లో కూర్చుని ఉన్నాం. కెజియా అక్కడే బట్టలు మడతపెడుతోంది.

"నీకొచ్చిన నిమ్మే నాకూ వచ్చినట్టుంది వదినా. నువ్వేం వాడావు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏవో బిళ్ళలిచ్చారు వదినా, పేర్లు గుర్తులేవు. ఆవిరి పట్టుకో. ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకోరాదూ?"

"నిమ్ముకి పెద్దాసుపత్రి ఎందుకు? సెలవు దొరకొద్దూ? నీకు తగ్గలేదా, నాకూ తగ్గుతుందిలే."

నాకు తగ్గింది కాబట్టి తనకీ తగ్గుతుందనుకుంది. నా మాట మీద నమ్మకంతో రెండు నెలలు ఆవిరి పట్టింది, దగ్గు మందు తాగింది. ఈలోగా నా మందుల కోర్సు పూర్తయింది. తగ్గిపోయిందని నాకు కాగితం ఇచ్చారు. మా ఆయన కొట్టు మూసి నన్ను కనకదుర్గమ్మ గుడికి తీసుకెళ్ళాడు. మెట్లన్నీ నేను ఆయాసం లేకుండా ఎక్కాను.

జూన్

కంకిపాడు దాటాక బస్సులోనే సువార్త దగ్గుతూ రక్తం కక్కుకుంది. ప్రయాణికులే ఆటో మాట్లాడి ఆసుపత్రికి తెచ్చారట.

మూడోరోజు మా ఇంటికి మళ్ళీ ఆ రిజిస్టరు అమ్మాయి వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసి తికమకపడింది.

"నాగమణి గారంటే మీరేనా అమ్మా?"

అవునన్నాను.

"సువార్త గారని పేషెంటు మీ పేరు చెప్పారు. ఎవరెవరు దగ్గరగా ఉంటారని అడిగితే భర్త, కూతురు కంటే ముందు మీ పేరే చెప్పారు. మా వదినకి నిరుడు నిమ్ము చేసింది, ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటాయి, ముందు ఆవిణ్ణి చూడండి అన్నారు."

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. అదే గోడ. ఆ అమ్మాయి రిజిస్టరులో పేజీలు వెనక్కి తిప్పింది. ఒకచోట వేలు ఆగింది.

"అప్పుడే చెప్పుంటే బాగుండేదమ్మా. సుగరున్న మనిషి" అంది తల ఎత్తకుండానే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. నిజం చెప్పాలనే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. సువార్త మంచం మీద ఎంత చిన్నగా అయిపోయిందంటే, దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియలేదు. నన్ను చూడగానే మాస్కు సర్దుకుని, చేత్తో దూరంగా ఉండమని సైగ చేసింది. అప్పుడు గుమ్మం దగ్గర నేను ఆవిణ్ణి ఆపాను, ఇప్పుడు మంచం మీద నుంచి ఆవిడ నన్ను ఆపింది. కానీ ఆవిడ ఆపింది నా కోసం.

"నా వల్ల నీకేం కాలేదు కదా వదినా? ఆ అమ్మాయి వచ్చిందా? పరీక్ష చేసిందా?"

"చేసింది. ఏమీ లేదంది."

"హమ్మయ్య. ఆ బెంగతోనే కన్ను మూతపడట్లేదు" అంది.

ఇంకేమీ చెప్పలేకపోయాను. ఆవిడ నొచ్చుకుంటుందని ఆగానని కొన్నాళ్ళు అనుకున్నాను. అది అబద్ధం. నిజం తెలిస్తే ఇంక వదినా అని పిలవదని భయపడ్డాను. ఆ పిలుపు కోసం ఆవిడకి నిజం దక్కకుండా చేశాను. నేను వెళ్ళొచ్చిన నాలుగోరోజు సువార్త పోయింది. సుగరు అదుపు తప్పిందనీ, చాలా ఆలస్యంగా వచ్చారనీ డాక్టర్లు చెప్పారట.

ఆగస్టు

సువార్త జ్ఞాపకార్థ కూడిక అయిపోయిన వారానికి మా ఆయనతో అన్నాను, వాళ్ళకి చెప్పేస్తానని.

"పోయిన మనిషి ఎలాగూ పోయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆవిడకి నీ నుంచే అంటుకుందని ఎవరు చూశారు? బస్సులో రోజుకి ఎంతమంది ఎక్కుతారు?"

ఆ మాట నిజమే. టీబీ ఆఫీసు అమ్మాయి కూడా అదే అంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కానీ నేను ఒక్క పేరు చెప్పి ఉంటే, ఆవిడకి దసరాకే పరీక్ష జరిగేది. తొలి దగ్గుకే అందరూ జాగ్రత్తపడేవాళ్ళు. ఆ సంగతి చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

మా ఆయన మంచం మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "పొక్కనీయొద్దంది నేను గదే" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అది రెండోసారి. మా అత్తగారు చీర సర్దుకుని లేచింది. "పద, నేనూ వస్తాను. ఒక్కదానివే వెళితే మళ్ళీ ఏదో చెప్పి వచ్చేస్తావు" అంది. నన్ను బాగా ఎరిగిన మనిషి.

దానియేలు గారు కుర్చీలు వేశారు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. రిజిస్టరు, గోడ, గుడ్లు, ఆవిరి, అన్నీ. నేను ఆపాక ఆయన కుర్చీలోంచి లేచారు.

"మా ఆవిడ రోజూ ప్రార్థనలో మీ పేరు చెప్పేదండి" అన్నారు. "మీరింక మా గుమ్మంలోకి రావద్దండి."

అంత దుఃఖంలోనూ ఆయన అండీ అనడం మర్చిపోలేదు. అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్న కెజియా నా వైపు తిరిగింది.

"అమ్మ ఏం వాడావని అడిగినప్పుడు నేనక్కడే ఉన్నాను ఆంటీ. ఆవిరి పట్టుకోమన్నారు. రోజూ నీళ్ళు కాచింది నేనే."

ఆ పిల్ల ఏడవలేదు. ఆ ఒక్కమాట చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మా అత్తగారు నా చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ చేయి పట్టుకోకపోతే గుమ్మం ఎలా దాటేదాన్నో నాకు తెలియదు.

ఆ తర్వాత దాచడం మానేశాను. కొట్టు దగ్గర అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. నాకు టీబీ వచ్చింది, ఆరునెలలు మందులు వాడాను, తగ్గింది అని. కొందరు రావడం మానేశారు. మా ఆయన భయపడినంతా జరగలేదు గానీ కొంత జరిగింది. ఒకరోజు నేను అలా చెబుతుంటే వరసలో నిలబడిన గుమస్తా గారు గొంతు సవరించుకున్నారు. "నేనూ వాడానమ్మా. నాకూ తగ్గింది" అన్నారు అందరికీ వినపడేలా. ఆ ఒక్కమాటకి ఆయన ఎంత ధైర్యం కూడగట్టుకున్నారో నాకు తెలుసు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే దయచేసి వెళ్ళి పరీక్ష చేయించుకోండి. కారణం లేకుండా చిక్కిపోతున్నవాళ్ళని మెచ్చుకోకండి, ఏమైందని అడగండి. రిజిస్టరు పట్టుకుని ఎవరైనా వచ్చి పేర్లు అడిగితే, గుర్తున్న పేర్లన్నీ చెప్పండి. మనం చెప్పే ఆ పేర్లు మనకి ఇష్టమైనవాళ్ళవే అయి ఉంటాయి.

ఇప్పుడు

సువార్త పోయాక నేను పరుగు మానేశాను. బజారుకి వెళ్ళాలన్నా గట్టు వైపు కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఊపిరి నాకు మిగిలింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒళ్ళు బాగైతే మనసు దానంతటదే బాగవుతుందని అందరూ అన్నారు. నాకలా అవలేదు.

కెజియాకి చేసిన పరీక్షల్లో జబ్బేమీ కనపడలేదు. కానీ ముందు జాగ్రత్తకి ఆ పిల్లకీ, దానియేలు గారికీ కొన్ని నెలలు మందులు వాడమన్నారు. దసరా వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చూశాను. కెజియా బూట్లు వేసుకుని ఒక్కతే గట్టు వైపు పోతోంది. కానిస్టేబుల్ సెలక్షన్లకి పరుగు ఉంటుంది. ఇంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా మాతో రాని పిల్ల.

చీపురు అక్కడే పడేసి వెనకాలే వెళ్ళాను. పలకరించలేదు. గుమ్మంలోకి రావద్దన్నారు గాని గట్టు మీదికి రావద్దనలేదు కదా అనుకున్నాను. ఆమె నన్ను చూసింది. మొహం తిప్పుకుని వేగం పెంచింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మా ఇద్దరి మధ్య ఒక ఇరవై అడుగుల దూరం ఉంటుంది. అది తగ్గించడానికి నేను ప్రయత్నించను. పెరగనివ్వను కూడా.

పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్ల పరుగు అది. నాకు నలభై మూడు నిండాయి. మొదటి వారం కళ్ళు బైర్లు కమ్మాయి, కాళ్ళు వాచాయి. ఈ వయసులో ఆ పిల్లతో నీకు పోటీ ఏమిటని మా ఆయన కోప్పడ్డాడు. పోటీ కాదు. ఇరవై అడుగులు దాటితే దగ్గు వినపడదు. సువార్త పక్కనే పరిగెడుతూ ఆవిడ ఊపిరి వినని మనిషిని నేను. ఈ పిల్లది వింటాను. మానకుండా పరిగెత్తడానికి నాకు దొరికిన కారణం ఇంతే, ఇంతకంటే పెద్దది ఏదీ లేదు. రోజూ పొద్దున లేవబుద్ధి కాదు. ఆ పిల్ల గేటు చప్పుడు వినపడుతుంది. లేస్తాను.

ఇవాళ పొద్దున కెజియా గట్టు మధ్యలో ఆగిపోయింది. నేనూ ఇరవై అడుగుల వెనక ఆగాను. నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక్కి తిరగకుండా అంది.

"నాకు దగ్గేం రావట్లేదు ఆంటీ. మందులు రోజూ వేసుకుంటున్నాను. మీరింటికెళ్ళండి."

ఆగస్టు తర్వాత ఆమె నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి. నేను వెనక్కి మళ్ళుతానేమోనని ఆమె ఒక నిమిషం ఆగి, మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. నేను ఇంటికి వెళ్ళలేదు.